చెరువు పనికి ముందు ఎవరిని కలవాలి, ఎప్పుడు కలవాలి

చెరువు పూడిక తీసి కట్ట బలపరిస్తే ఊరందరికీ లాభమే అనిపిస్తుంది. నిజానికి లాభనష్టాలు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి. ఎవరికి ఏం పోతుందో, ఏం వస్తుందో ఎస్టిమేట్ ఖరారు కాకముందే తేల్చుకోవాలి. ఖరారయ్యాక పెట్టే గ్రామసభ కబురు చెప్పడానికే తప్ప అడగడానికి పనికిరాదు.

మొదటి పని జాబితా. సర్పంచ్ చెప్పిన పేర్లతో ఆపకండి. ఒక పూట అలుగు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దగ్గర బయలుదేరి కట్ట మీదుగా తూముల (కాలువలోకి నీళ్లు వదిలే దారుల) దాకా, అక్కణ్ణుంచి కాలువ వెంట చివరి మడి వరకు నడవండి. బట్టలు ఉతికే బండలు, పశువులు దిగే రేవు, వలలు, కట్ట మీది తాటిచెట్లు, కుమ్మరి మట్టి తవ్విన గుంతలు, శిఖంలో (నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి నేలలో) వేసిన పంట, కనిపించినవన్నీ రాసుకుని, అవి ఎవరివో అడగండి.

‘రైతులు’ అని ఒకే వరుసలో రాస్తే జాబితా అక్కడే చెడుతుంది. తూము పక్క రైతుకు నీళ్లు ఇప్పటికే అందుతున్నాయి. చివరి ఆయకట్టు రైతు ఈ పని కోసమే ఎదురుచూస్తుంటాడు. నీటిమట్టం పెరిగితే శిఖం రైతు పంట మునుగుతుంది. ఆయకట్టులో సెంటు భూమి లేకపోయినా పక్కన బోరున్నవాడికి లాభమే. కౌలు రైతు పేరు చాలాసార్లు రికార్డుల్లోనే ఉండదు. 2013 భూసేకరణ చట్టం కౌలుదార్లను, చేపలు పట్టి బతికేవాళ్లను కూడా బాధిత కుటుంబాల్లో చేర్చింది. భూసేకరణ లేని పనికీ ఆ కొలతే వాడండి.

తర్వాత ఒక్కో గుంపుకూ రెండు అంకెలు వేయండి, 1 నుంచి 5 వరకు. పని వల్ల బతుకు మీద పడే ప్రభావం ఒకటి, పనిని ఆపగల లేదా నడిపించగల పలుకుబడి ఇంకొకటి. బృందంలో ముగ్గురు ఎవరికి వారు వేసి, ఆ తర్వాతే పోల్చుకోవాలి. కలిసి కూర్చుని వేస్తే పెద్దాయన అంకే అందరి అంకె అవుతుంది. రెండు పాయింట్లకు మించి తేడా వస్తే సగటు తీయకండి, వెళ్లి ఆ గుంపునే అడగండి.

ఈ రెండు అంకెల్ని గుణించే అలవాటొకటి ఉంది, అది మానుకోవాలి. చేపలు పట్టే కుటుంబానికి ప్రభావం 5, పలుకుబడి 1 అనుకుందాం, గుణిస్తే 5. కాంట్రాక్టరుకు 3, 4 అయితే 12. అంటే అన్నీ పోగొట్టుకునేవాడు కాంట్రాక్టరు వెనక నిలబడాల్సి వస్తుంది. అంకెల్ని విడివిడిగానే ఉంచండి.

ప్రభావం 4–5, పలుకుబడి 1–2 ఉన్నవాళ్లను అందరికంటే ముందు, వాళ్ల చోటికే వెళ్లి, ఎనిమిది పది మంది చొప్పున కలవండి. పంచాయతీ ఆఫీసులో పగలు పదకొండింటికి మీటింగ్ పెడితే కూలికి వెళ్లినవాళ్లు రాలేరు. ‘అభ్యంతరాలున్నాయా?’ అంటే మౌనమే జవాబు. ‘చేపపిల్లల్ని ఎప్పుడు వదులుతారు, ఎప్పటికి పట్టేస్తారు?’ అని అడిగి చూడండి. పూడిక తీతకు చెరువు ఎండాలని ముందే తూము తెరిస్తే, ఎదగని చేప అంతా దండగే. తూము తెరిచే తేదీ ఆ మాటల్లోనే తేలుతుంది. మత్స్యకారుల సొసైటీ అధ్యక్షుడితో మాట్లాడితే సరిపోదు. చేపలు అమ్మే ఆడవాళ్లను విడిగా అడగండి.

రెండూ ఎక్కువున్నవాళ్లతో, అంటే పలుకుబడి గల శిఖం రైతుల్లాంటి వాళ్లతో, మ్యాపు ముందేసుకుని విడివిడిగా కూర్చోండి. పలుకుబడే తప్ప నష్టం లేనివాళ్లకు రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు, హామీలొద్దు. మిగతావాళ్లకు చాటింపు చాలు.

ఎస్టిమేట్ మారిన ప్రతిసారీ అంకెలు మళ్లీ వేయాలి. అలుగు ఒక్క అడుగు పెంచినా శిఖం రైతు 2 కాస్తా 5 కావచ్చు. ఒకటి నిండాక ఇంకోదానికి నీళ్లు పారే గొలుసుకట్టు చెరువైతే దిగువ చెరువుకు నీళ్లు ఆలస్యంగా చేరతాయి, కాబట్టి ఆ ఊరినీ జాబితాలోకి ఎక్కించాలి.