ఇంటర్‌ఫేస్ రూపకల్పన, 3వ పాఠం: తాకించాలా, సైగ చేయించాలా?

గత పాఠంలో తెరపై బటన్ ఎంత ఉండాలో చూశాము. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 డీపీ, ఆపిల్ మార్గదర్శకాలు 44 పాయింట్లు సూచిస్తాయని చెప్పుకున్నాము (డీపీ, పాయింటు రెండూ తెరపై పరిమాణాన్ని చెప్పే కొలతలు). అంతకంటే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఈ పాఠానికి విషయం: వాడుకరి తెరను తాకాలా, గాలిలో చేతితో సైగ చేయాలా?

వేలు అద్దానికి తగిలిన క్షణమూ, దానిని వీడిన క్షణమూ పరికరానికి స్పష్టంగా తెలుస్తాయి. ఆ రెంటి నడుమ జరిగినదే ఆదేశం. బ్రౌజర్‌లో పాయింటర్‌డౌన్, పాయింటర్‌అప్ ఈవెంట్లుగా మన కోడ్‌కు అందేవి ఇవే. కెమెరా ముందున్న చేతికి ఇలాంటి ఆద్యంతాలు లేవు. తల గోక్కున్నా, పక్కవారికి దారి చూపించినా సెన్సర్‌కు అది కదలికే కనుక, ఆదేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మనమే నిర్ణయించి కోడ్ రాయాలి. ఎక్స్‌బాక్స్ 360 గేమ్ యంత్రం కోసం 2010లో వచ్చిన, ఒంటి కదలికలను గుర్తించే కెమెరా పరికరం కినెక్ట్ మెనూలో, కావలసిన అంశంపై చేతిని కాసేపు నిలిపి ఉంచితే ఎంపిక జరిగేది. దానివల్ల పొరపాట్లు తగ్గినా ప్రతి ఎంపికకూ ఆగక తప్పలేదు, చాచిన చేయి నొప్పి పుట్టక మానలేదు.

అందువల్ల తాకగలిగిన చోట తాకించడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. 2019లో గూగుల్ వారి పిక్సెల్ 4 ఫోనులో రాడార్ చిప్ పెట్టి, చేయి ఊపితే పాట మారేలా చేశారు. మరుసటి ఏటి పిక్సెల్ 5లో అది లేదు. ఫోను పట్టుకున్న చేతి బొటనవేలు ఎలాగూ తెరమీదే ఉంటుంది కదా.

తాకకూడని చోటు సంగతి వేరు. ఆపరేషన్ థియేటర్‌లో స్టెరైల్ గ్లౌజులు తొడుక్కున్న సర్జన్, మధ్యలో స్కాన్ చూడాలంటే మౌస్ ముట్టుకోరాదు. మరొకరికి చెప్పి చేయించుకోవాలి. ఇక్కడ సైగకు నిజమైన అవసరం ఉంది, కాని చేతులు నడుముకు పైన, భుజాలకు దిగువన, ఒంటికి ముందువైపే ఉండాలి కాబట్టి విశాలమైన ఊపులు పనికిరావు. పక్కనే నిలబడిన సహాయకుల చేతులు కూడా కెమెరాకు కనిపిస్తాయి. కనుక చిన్న కదలికలనే ఎంచుకొని, సైగలు వినియోగంలోకి వచ్చే ఘడియను మాటతోనో కాలి పెడల్‌తోనో వేరుగా తెలియజేయించడం మంచిది.

సైగనే ఎంచుకున్నా అదే పనికి మామూలు బటన్ కూడా ఉంచండి. ఒంటి కదలికతో నడిచే పనికి ప్రత్యామ్నాయం ఉండాలనీ, ఆ కదలికను ఆపివేసే వీలుండాలనీ వెబ్‌ను వైకల్యం ఉన్నవారూ వాడగలిగేలా చేయడానికి రూపొందిన 2018 నాటి డబ్ల్యుసీఏజీ 2.1 ప్రమాణం చెబుతుంది; చేయి వణికేవారికి అది సౌకర్యం కాదు, ఆధారం.

అభ్యాసం: గూగుల్ వారి మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్, కెమెరా చిత్రంలోని చేతిలో 21 బిందువులను గుర్తిస్తుంది. బొటనవేలి కొస 4వది, చూపుడువేలి కొస 8వది. ఈ రెంటి దూరాన్ని అరచేతి వెడల్పుతో భాగించండి. లేకపోతే చేయి కెమెరాకు దగ్గరైనప్పుడల్లా లెక్క మారిపోతుంది. ఆ విలువ 0.25 కంటే తగ్గితే ఆదేశం మొదలైనట్టు, 0.40 దాటితే ముగిసినట్టు రాయండి. రెంటికీ ఒకే హద్దు పెడితే, వేళ్లు ఆ హద్దు దగ్గర కాస్త వణికినా ఆదేశం పదేపదే మొదలై ఆగుతుంది. తరువాత కెమెరా ముందు కూర్చొని ఎవరితోనైనా ఐదు నిమిషాలు మామూలుగా మాట్లాడి, మీరు ఇవ్వని ఆదేశాలు ఎన్ని నమోదయ్యాయో లెక్కపెట్టి ఉంచండి. వచ్చే పాఠంలో ఆ లెక్కను బట్టి హద్దులను సవరిద్దాము.