పైథాన్ ప్రోగ్రామ్ నడుస్తుండగానే లోపలికి తొంగి చూడండి

కర్నూలులో డిగ్రీ పిల్లలకు పైథాన్ చెప్పేటప్పుడు నేను ఉల్లి యార్డు లెక్కతో మొదలుపెడతాను. బస్తాలెన్నో ఇన్‌పుట్ ఫంక్షన్‌తో తీసుకుని 50 కిలోలతో గుణించమంటాను. 3 కొడితే 150 రాదు, 3 అంకె 50 సార్లు వరసగా పడుతుంది! ఎర్రరేమీ ఉండదు. ఇన్‌పుట్ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే, అంటే అంకె కొట్టినా అది అక్షరాల వరసే; గుణిస్తే అది రిపీట్ అవుతుంది. అదే 50 కూడమంటే టైప్‌ఎర్రర్‌తో (రకాలు కలవలేదనే ఎర్రర్) ఆగిపోతుంది. టైప్, అంటే రకం, ఉండేది వేరియబుల్ పేరుకు కాదు, అందులోని విలువకు. అందుకే అనుమానమున్న లైను ముందు టైప్ ఫంక్షన్‌తో ప్రింట్ చేసి చూడండి, తర్వాత ఇంట్‌గా (పూర్ణాంకంగా) మార్చండి.

3.7 వెర్షన్ నుంచి బ్రేక్‌పాయింట్ ఫంక్షన్ కూడా ఉంది. నాకు అదే ఇష్టం: ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది, ఏ పేరులో ఏముందో అడగొచ్చు.

ఇఫ్ షరతు తప్పినప్పుడు నడిచే ఎల్స్ లోపల పేరు తప్పు రాసినా, ఆ లైను నడిచేదాకా నేమ్‌ఎర్రర్ (ఆ పేరు తెలియదనే ఎర్రర్) రాదు. ఇఫ్, ఎల్స్ రెండు దారులనూ ఒక్కసారైనా నడిపించండి.