పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పద్ధతి

అటక మీద అట్టపెట్టెల్లో మిగిలిపోయిన క్యాసెట్లు రెండు రకాలు. హెచ్.ఎం.వి., ఎకో, లహరి, సుప్రీం, ఆదిత్య లాంటి కంపెనీలు అమ్మినవి ఒక రకం. కాగితం మీద పల్లవులు వరసగా రాసిచ్చి రికార్డింగ్ షాపులో నింపించుకున్నవి, రేడియో పక్కన కాచుకు కూర్చుని పాట మొదలవగానే ప్లే, రికార్డు మీటలు కలిపి నొక్కి పట్టుకున్నవి రెండో రకం. మొదటి రకంలోని పాటలు చాలావరకు ఇవాళ ఫోన్లోనే దొరుకుతాయి, ఇంకా శుభ్రంగా కూడా. రెండో రకానికి లోకంలో ఉన్నది ఆ ఒక్క ప్రతే. పాటల వరస, రీలు చాలక తెగిపోయిన ఆఖరి చరణం, రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వేసే జనరంజనిలో అనౌన్సరు చదివిన శ్రోతల ఊళ్ల పేర్లు, మధ్యలో వంటింట్లోంచి వినబడ్డ పిలుపు, ఇవేవీ ఏ యాప్‌లోనూ ఉండవు. ఈ పనిలో కాపాడుకోవలసింది ముందు వాటినే. కింద చెప్పే ప్రతి సలహా ఆ లెక్కలోనే ఉంటుంది.

క్యాసెట్టును వేగంగా కాపీ చేసే మంచి దారి లేదు. 90 నిమిషాల క్యాసెట్టుకు 90 నిమిషాలూ పడుతుంది. శుభ్రం చెయ్యడం, పేర్లు రాయడం కలుపుకుంటే రెండున్నర గంటలు. అందుకే ముందు వరస వేసుకోండి: ఇంట్లోవాళ్ల గొంతులున్నవి మొదట, తర్వాత రేడియోవి, ఆ తర్వాత రికార్డింగ్ షాపువి. కంపెనీ క్యాసెట్ల పాటలు ముందు ఫోన్లో పల్లవి కొట్టి వెతకండి. దొరకనివే ఎక్కించండి. హరికథలు, నాటకాలు, ప్రైవేటు గీతాలు ఇలా దొరక్కుండా మిగులుతుంటాయి.

ముందు క్యాసెట్టును చూసుకోండి

క్యాసెట్టు పై అంచున రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. రెండూ విరిచెయ్యండి. అవి లేకపోతే ఏ టేప్ రికార్డరూ దాని మీద రికార్డు చెయ్యదు. కొత్తగా తెచ్చిన డెక్కులో (స్పీకర్లు లేని టేప్ రికార్డరు) మీటలు అలవాటయ్యేలోపే పొరపాటున రికార్డు నొక్కి పోగొట్టుకునేవాళ్లున్నారు.

తర్వాత కిటికీలోంచి రీలు చుట్ట అంచును వెలుతురులో చూడండి. తెల్లటి బూడిదలాంటి మచ్చలు కనబడితే అది బూజు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి తేమ గాలి ఊళ్లలో దాచిన పెట్టెల్లో ఎక్కువ. బూజు పట్టినదాన్ని అలాగే వేస్తే అది టేప్ రికార్డరులో రీలును చదివే హెడ్డుకంటుకుని తర్వాత వేసే ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో వారం పాటు ఆరబెట్టండి. తర్వాత ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తటి నూలు బట్ట రీలుకు ఆనీ ఆననట్టు పట్టుకుని చేత్తో తిప్పుతూ తుడవండి. అలాంటి క్యాసెట్టు వేసిన ప్రతిసారీ హెడ్డు శుభ్రం చేశాకే ఇంకోటి వెయ్యండి.

కింది అంచు మధ్యలో రేకు స్ప్రింగు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉందో లేదో చూడండి. రీలును హెడ్డుకు అదిమి పట్టేది అదే. జిగురు ఎండి ఊడిపోయి ఉంటే పాట దుప్పటి కప్పినట్టు వినబడుతుంది, శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. చాలామంది దీన్ని చూసి రీలే పాడైందనుకుని పారేస్తారు. పనికిరాని ఇంకో క్యాసెట్టులోంచి స్ప్రింగుతో సహా తీసి పెట్టుకుంటే సరిపోతుంది.

ఏళ్ల తరబడి కదలని రీలు అంటుకుని ఉండొచ్చు. ఆరు పలకల పెన్సిల్ దూర్చి నాలుగు చుట్లు తిప్పి చూడండి. బిగుసుగా ఉంటే అరచేతి మీద పడుకోబెట్టి రెండుసార్లు తట్టండి, ఐదు స్క్రూలనూ పావు చుట్టు వదులు చెయ్యండి. కదిలాక ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేశాకే ప్లే నొక్కండి. దానివల్ల చుట్ట సమంగా సర్దుకుని, ప్లే అయ్యేటప్పుడు లాగుడు తగ్గుతుంది.

తెగిన రీలుకు సెల్లో టేపు వెయ్యకండి. దాని జిగురు నెమ్మదిగా పక్కలకు కారి పక్క చుట్టుకు అంటుకుంటుంది, తర్వాత హెడ్డుకు పడుతుంది. దీనికని 3.8 మిల్లీమీటర్ల వెడల్పున్న స్ప్లైసింగ్ టేపు వేరే ఉంటుంది. రెండు కొసల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి బ్లేడుతో 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, కొసకు కొస ఆనించి, ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్క అతికించండి. ఏ వైపు అతికించాలన్నది ముఖ్యం. క్యాసెట్టు నోటి దగ్గర బయటికి, అంటే హెడ్డు వైపు చూసే ముఖం మీద పాట ఉంటుంది. అతుకు దాని వెనక ముఖానికి పడాలి. మెరుపును బట్టి పోల్చుకుందామంటే కుదరదు, ఒక్కో రీలుకు ఒక్కోలా ఉంటుంది. స్క్రూలు లేని, అంచులు అతికేసిన డబ్బా అయితే అంచు వెంట పలచటి చాకుతో విడదీసి, రెండు చుట్టల్నీ స్క్రూలున్న ఖాళీ డబ్బాలోకి మార్చండి. చుట్టల్ని పైకి లేపకుండా, పక్కకు జరిపినట్టుగా మార్చాలి. లేపితే మధ్య చుట్లు జారి కింద పరుచుకుంటాయి.

టేప్ రికార్డరు

యూఎస్‌బీ తీగతో వచ్చే చవక క్యాసెట్ ప్లేయర్లు ఆన్‌లైన్లో కనబడతాయి. వాటిలో మోటారు నిలకడగా తిరగదు, పాట అలలు అలలుగా ఊగుతుంది. దానికంటే ఒక మోస్తరు పాత డెక్కును బాగు చేయించుకోవడం మేలు. కొనేముందు వేణువో సన్నాయో ఒకే స్వరం నిలిపే పాట వేసి వినండి. స్వరం వణికితే మోటారు బెల్టు సాగిందనో, రీలును లాగే రబ్బరు రోలరు గట్టిపడిందనో అర్థం. బెల్టు కరిగి తారులా మారిపోవడం కూడా మామూలే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ మరక పూర్తిగా తుడిచాకే కొత్తది వెయ్యాలి. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి చోట్ల విడిభాగాల కోసం తిరిగేటప్పుడు పాత బెల్టు వెంట తీసుకెళ్లండి. అది ముక్కలైపోయి ఉంటే, అది తిరిగే దారి వెంట దారం చుట్టి కొలిచి, ఆ పొడవులో ఐదారు శాతం తగ్గించి అడగండి.

హెడ్డును, దాని పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో గోధుమ రంగు రావడం ఆగేదాకా తుడవండి. రబ్బరు రోలరుకు మాత్రం సబ్బునీళ్లు చాలు, ఆల్కహాల్ రబ్బరును ఎండగొడుతుంది. ఐదు క్యాసెట్లకొకసారి ఇది మళ్లీ చెయ్యాలి.

ఇక చాలామంది వదిలేసేది, అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది, హెడ్డు వాలు. రికార్డు చేసిన మిషను హెడ్డు ఏ కోణంలో ఉందో, వినే మిషను హెడ్డు కూడా అదే కోణంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా గజ్జెలు, తాళాలు, ‘స’ ‘ష’ శబ్దాలు మాయమవుతాయి. రికార్డింగ్ షాపు మిషను ఒక వాలులో, ఇంట్లో టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డరు కలిసిన పెట్టె) ఇంకో వాలులో ఉండేవి కాబట్టి ప్రతి క్యాసెట్టుకూ దీన్ని సర్దాలి, ఒక్కోసారి రెండు వైపులకూ విడివిడిగా. హెడ్డుకు ఒక పక్క స్ప్రింగు మీద నిలిచిన చిన్న స్క్రూ ఉంటుంది. అసలు స్థానం తెలిసేలా మార్కరుతో చుక్క పెట్టుకోండి. పాట ప్లే అవుతుండగా, శబ్దాన్ని మోనోలో (కుడి, ఎడమ కలిపి ఒకటిగా) వింటూ, ఆ స్క్రూను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. తాళాలు ఎక్కడ అన్నిటికంటే స్పష్టంగా మోగాయో అక్కడ ఆపండి. మొత్తం తిప్పుడు అర చుట్టు దాటే అవసరం సాధారణంగా రాదు. ఈ పని చెయ్యకుండా తర్వాత కంప్యూటర్లో ట్రెబుల్ పెంచితే పెరిగేది రీలు బుసే.

డెక్కు మీద బుస తగ్గించే డాల్బీ మీట ఉంటే ఆపి ఉంచండి. టూ ఇన్ వన్‌లలో చేసిన రికార్డింగుల్లో అది ఉండదు, వేస్తే పాట మొద్దుబారుతుంది. అట్ట మీద డాల్బీ గుర్తున్న కంపెనీ క్యాసెట్లకే అది పనికొస్తుంది.

ఎక్కించడం

ల్యాప్‌టాప్‌కు ఉన్న ఒక్క రంధ్రం హెడ్‌సెట్ మైకు కోసం పెట్టినది. అందులోకి డెక్కు తీగ పెడితే శబ్దం మోనోలో, పగిలిపోయి వస్తుంది. లైన్ ఇన్ (డెక్కు లాంటి వాటి శబ్దం తీసుకునే రంధ్రం) ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి, బెహ్రింగర్ యూసీఏ202 లాంటిది చాలు. డెక్కు లైన్ అవుట్ నుంచి దానికి తీగ కలపండి. లైన్ అవుట్ లేని టూ ఇన్ వన్ అయితే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి, వాల్యూమ్ సగంలో పెట్టి. గుయ్‌మని 50 హెర్ట్జ్ మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అక్కడే పోతుంది.

ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. 44.1 కిలోహెర్ట్జ్, స్టీరియో, కార్డు ఇస్తే 24 బిట్లు, లేకపోతే 16. విండోస్ సెట్టింగుల్లో శబ్దానికి సంబంధించిన ‘ఎన్‌హాన్స్‌మెంట్స్’ అన్నీ, నోటిఫికేషన్ మోతలూ ఆపెయ్యండి. క్యాసెట్టులో బిగ్గరగా ఉన్న చోటు వెతికి వేసి, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. సున్నాకు తగిలిన చోట శబ్దం చిరుగుతుంది, దాన్ని మళ్లీ కుట్టలేం.

ఇప్పుడు క్యాసెట్టు ఒక్కో వైపునూ మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఒకే ఫైలుగా తీసుకోండి. పాటకూ పాటకూ మధ్య ఆపకండి. మీట నొక్కిన ‘టక్’ చప్పుడు, రేడియో గరగర, పాత రికార్డింగు మీద కొత్తది పడ్డాక చివర్లో మిగిలిన అర నిమిషం, అన్నీ అందులో ఉండాలి. 16 బిట్లలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, 60 నిమిషాల క్యాసెట్టు రెండు వైపులకూ 600 ఎంబీ అవుతుంది. ఫ్లాక్ (FLAC) అనే ఫార్మాట్లో దాస్తే నాణ్యత ఏమీ తగ్గకుండా దాదాపు సగం అవుతుంది. ఈ మూల ఫైలును ఇక ముట్టుకోకండి. మిగతా పనంతా దాని కాపీ మీదే.

కాపీలో వేగం సరిచెయ్యడం మొదటిది. బ్యాటరీలు నీరసించిన టూ ఇన్ వన్‌లో రికార్డు చేసినది ఇవాళ వేగంగా, గాయకుడి గొంతు సన్నబడి వినిపిస్తుంది. అదే పాటను ఫోన్లో వేసి, పల్లవి మొదటి మాట నుంచి రెండో చరణం మొదటి మాట దాకా రెండింటిలోనూ సెకన్లు లెక్కపెట్టండి. ఫోన్లో 200, క్యాసెట్టులో 190 వస్తే 190ని 200తో భాగించండి: 0.95. ఆడాసిటీలో వేగాన్ని అంతకు మార్చండి. వేగమూ శ్రుతీ కలిసి మారే ఎఫెక్టే వాడాలి, టెంపో ఒక్కటే మార్చేది కాదు.

బుస తగ్గించేటప్పుడు చెయ్యి బిగబట్టండి. ఏది బుసో ఆడాసిటీకి చూపే నమూనాను రీలు మొదట్లో ఉండే రంగు ప్లాస్టిక్ ముక్క దగ్గర కాకుండా పాటల మధ్య ఖాళీలోంచి తీసుకోండి. ఆ ముక్క మీద పూత ఉండదు, దాని బుస వేరు. 6 డెసిబెల్స్ తగ్గించి వదిలెయ్యండి. 15, 20 తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది, జానకి, బాలు లాంటి గాయకులు పంక్తికీ పంక్తికీ మధ్య తీసే ఊపిరి తుడిచిపెట్టుకుపోతుంది. మీడియం వేవ్ నుంచి పట్టుకున్న పాటల్లో 5 కిలోహెర్ట్జ్ పైన పాట దాదాపు ఉండదు, కాబట్టి అక్కడ ట్రెబుల్ పెంచకండి.

పాట మొదలైన ప్రతి చోటా కంట్రోల్, బి నొక్కి పల్లవి రాయండి. చివర్లో అన్నిటినీ ఒకేసారి విడి ఫైళ్లుగా ఎగుమతి చెయ్యొచ్చు. ఫైలు లోపలి వివరాల్లో (ట్యాగుల్లో) సినిమా, సంవత్సరం, గాయకులు, రాసినవారు, సంగీతం తెలుగు లిపిలోనే పెట్టండి. ఒకే పేరుతో వేర్వేరు దశాబ్దాల్లో సినిమాలొచ్చాయి, అందుకే సంవత్సరం వదలకూడదు. గీత రచయితల పేర్లు యాప్‌లలో తారుమారవుతుంటాయి, క్యాసెట్టు అట్ట దొరికితే దాన్నే నమ్మండి. ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి, చాలా కార్ల స్టీరియోల్లో తెలుగు లిపి గళ్లుగా కనబడుతుంది.

ఏ ఏడాదిదో తేల్చడం, మాటలు రాసుకోవడం

రికార్డింగ్ షాపు క్యాసెట్టులో అన్నిటికంటే కొత్త సినిమా ఏదో చూడండి. క్యాసెట్టు ఆ సినిమా పాటలు విడుదల కాకముందుది అయ్యే వీల్లేదు. అట్ట మీద చేతిరాతను రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చెయ్యండి. కొట్టేసి మళ్లీ రాసిన పేర్లు కూడా కనబడాలి.

క్యాసెట్టు ప్లే అవుతున్న గంటన్నరా దాని సొంతదారును పక్కన కూర్చోబెట్టుకోండి. ‘మీ కాలం కబుర్లు చెప్పండి’ అంటే ఎవరికీ మాట రాదు. ‘ఈ లిస్టు ఎవరు రాశారు పెద్దమ్మా? షాపు ఏ సందులో? దీని తర్వాత ఈ పాటే ఎందుకు పెట్టించారు? ఈ క్యాసెట్టు ఎవరికి ఇద్దామనుకున్నారు?’ అని పాట నడుస్తుండగా చిన్నచిన్నవి అడగండి. ఫోన్లో వాయిస్ రికార్డరు పెట్టి, క్యాసెట్టు మొదలవగానే ఒకసారి చప్పట్లు కొట్టండి. ఫోన్ రికార్డింగులో ఆ చప్పట్ల నుంచి లెక్కిస్తే ఏ మాట ఏ పాట దగ్గర వచ్చిందో తెలుస్తుంది. తర్వాత ఒక టెక్స్ట్ ఫైల్లో ‘ఏ వైపు, 12:40, చిన్నాన్న గొంతు’ అన్నట్టు సమయంతో రాసి అదే ఫోల్డర్లో ఉంచండి.

మూడు ప్రతులు చెయ్యండి: ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర. సినిమా పాటల హక్కులు కంపెనీలవి, కాబట్టి ఇవి ఇంట్లో వినడానికే, యూట్యూబ్‌లో పెట్టడానికి కాదు. అసలు క్యాసెట్లు పారెయ్యకండి. చివరిదాకా తిప్పి, డబ్బాల్లో నిలువుగా, స్పీకర్లకు దూరంగా పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు ప్రతి వానాకాలం ముందూ మార్చండి.