ఇంజిన్ రీబిల్డ్ చేశాక యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బండి తడబడుతోందా? లోపాన్ని ఇలా పట్టుకోండి

రింగులు కొత్తవి, బేరింగులు కొత్తవి, హెడ్ ప్యాకింగ్ కొత్తది. స్టార్ట్ చేస్తే ఇంజిన్ మెత్తగా నడుస్తుంది, నెమ్మదిగా పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. ముందున్న బండిని దాటుదామని పెడల్ గట్టిగా తొక్కగానే మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగి, దగ్గి, ఆ తర్వాత లేస్తుంది. అంత ఖర్చు పెట్టి, అన్ని రోజులు ఆగి బండిని బయటికి తీశాక ఇలా జరిగితే టెన్షన్ రావడం సహజమే. లోపల ఏదో తప్పు బిగించారనుకుని మళ్లీ ఇంజిన్ దించడానికి సిద్ధమయ్యేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని అప్పుడే చేయకండి. ఐడిల్‌లో స్థిరంగా నడిచే ఇంజిన్‌కి ఇలాంటి తడబాటు వస్తే, లోపం చాలాసార్లు పైనే దొరుకుతుంది. ఇంజిన్ దించడానికి ఊడదీసిన పైపు, వైరు, ఎర్త్ కేబుల్, టైమింగ్ సెట్టింగ్‌లలో ఏదో ఒకటి సరిగ్గా కూర్చుని ఉండదు. ఇక్కడ చెప్పేదంతా పెట్రోల్ ఇంజిన్ల గురించి.

1. ఎప్పుడు తడబడుతోందో ముందు గమనించండి

పానా పట్టుకునే ముందు ఈ పని చేస్తే సగం దారి దొరికినట్టే.

పెడల్ తొక్కిన క్షణంలోనే ఆగి, వెంటనే తేరుకుంటే ఆ క్షణానికి పెట్రోల్ చాలడం లేదని అర్థం. థ్రాటిల్ ఒక్కసారిగా తెరుచుకుంటే గాలి వెంటనే దూసుకొస్తుంది, పెట్రోల్ వెనకబడుతుంది. మొదట బాగానే లాగి, కొన్ని సెకన్లు తొక్కిపట్టాక నీరసిస్తే పంపు, ఫిల్టర్ల వైపు చూడాలి. కుదుపులు కుదుపులుగా, తెగితెగి లాగుతుంటే ప్లగ్ కరెంట్ మీద అనుమానం పెట్టుకోండి.

లోహం మీద గోలీలు రాలినట్టు గలగలమనే శబ్దం వస్తే వెంటనే కాలు తీసేయండి. అది నాకింగ్. ఆ స్థితిలో మళ్లీ మళ్లీ తొక్కి చూస్తే కొత్త పిస్టన్లు పాడైపోతాయి.

ఖాళీ రోడ్డు మీద, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, రెండు మూడు సార్లు పరీక్షిస్తే చాలు. కొత్త రింగులు ఇంకా సర్దుకుంటూ ఉంటాయి, వాటిని హింసించకూడదు.

2. చెయ్యి పడిన చోటల్లా వెతకండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. దించేటప్పుడు ఏమేం విప్పారో ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే చేత్తో కదిపి చూడండి.

మొదట ఎర్త్ కేబుల్. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఆ మందపాటి కేబుల్‌ని బిగించడం మర్చిపోతే, లేదా పెయింట్ మీదే బిగిస్తే, కరెంట్ సన్నని వైర్ల గుండా తిరిగి వెళ్లాల్సి వస్తుంది. ఐడిల్‌లో తెలియకపోవచ్చు. లోడ్ పడినప్పుడు బయటపడుతుంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా వచ్చే రబ్బరు గొట్టం. దీన్ని చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ తన మౌంటింగుల మీద ఒక పక్కకి ఒరుగుతుంది, గొట్టం మడతల్లో ఉన్న చీలిక అప్పుడే నోరు తెరుస్తుంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొలవని గాలి అక్కడి నుంచి లోపలికి పోతుంది. బండి ఆగి ఉన్నప్పుడు చూస్తే గొట్టం చక్కగానే కనిపిస్తుంది. ఊడదీసి, చేత్తో వంచి, మడతల మధ్య చూడాలి. సెన్సర్ వైర్లు కూడా ఇంజిన్ ఒరిగినప్పుడు లాగుకుపోకుండా వదులుగా ఉన్నాయో లేదో చూడండి.

చిన్న వాక్యూమ్ పైపులు వాటి వాటి చోట్లలోనే ఉండాలి. పని చేసేటప్పుడు దుమ్ము పడకుండా ఇన్‌టేక్‌లో గుడ్డ కుక్కడం మంచి అలవాటే. అది బయటికి వచ్చిందో లేదో మాత్రం ఖాయం చేసుకోండి.

3. స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) ఉంటే పెట్టండి

పీ0171 కోడ్ వస్తే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని. పీ0300 అంటే సిలిండర్లు మిస్ అవుతున్నాయని, అంటే వాటిలో పెట్రోల్ సరిగ్గా మండడం లేదని. పీ0016 కనిపిస్తే క్రాంక్, క్యామ్ సెన్సర్ల లెక్క కలవడం లేదన్నమాట. రీబిల్డ్ తర్వాత ఈ కోడ్ వస్తే టైమింగ్ బెల్ట్ లేదా చైన్ గుర్తులు మళ్లీ చూడాల్సిందే.

కోడ్ లేకపోయినా ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడండి. కంప్యూటర్ తనంతట తాను పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో (ప్లస్), ఎంత తగ్గిస్తోందో (మైనస్) అవి చెబుతాయి. ఐడిల్‌లో ప్లస్ వైపు బాగా ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచితే సున్నా వైపు దిగుతుంటే వాక్యూమ్ లీక్ ఉంది. లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ సరఫరా చాలడం లేదు, లేదా ఎయిర్‌ఫ్లో సెన్సర్ తక్కువ చూపిస్తోంది. నడిపేవాళ్లు రోడ్డు మీదే చూపు పెట్టాలి, అంకెలు చదవడానికి పక్కన ఇంకొకరు ఉండాలి.

4. ప్లగ్ కరెంట్, టైమింగ్

సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ స్పార్క్ దూకడం కష్టమవుతుంది. అందుకే ఐడిల్‌లో బాగున్న ప్లగ్ లోడ్ మీద మిస్ కొడుతుంది. గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో కొలవండి. చాలా ఇంజిన్లకి 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె పెట్టండి. బిగించేటప్పుడు కింద పడి పింగాణీ పగిలిన ప్లగ్ కూడా ఇలాగే చేస్తుంది. వైర్లుండే బండి అయితే చీకట్లో ఇంజిన్ నడుపుతూ, చేతులు దూరంగా పెట్టి చూడండి. వైరు మీద నీలి మెరుపులు కనిపిస్తే దాన్ని మార్చాలి.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఇంజిన్‌కి టైమింగ్ లైట్ తప్పనిసరి. ఐడిల్‌లో గుర్తు సరిపోతే చాలదు, ఆర్‌పీఎం పెంచినప్పుడు అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందుగా పడుతుందన్నది) కూడా పెరగాలి. కదలకుండా ఉంటే లోపలి వెయిట్లు పట్టేసి ఉంటాయి.

5. పెట్రోల్ వైపు

కార్బురేటర్ బండికి సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, ఎయిర్ ఫిల్టర్ తీసి, థ్రాటిల్‌ని చేత్తో తెరవండి. తెరిచిన వెంటనే యాక్సిలరేటర్ పంపు నుంచి పెట్రోల్ ధార గట్టిగా రావాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా వచ్చినా పంపు డయాఫ్రమ్‌నో, దాని లింక్‌నో సరిచేయాలి. తొక్కిన క్షణంలో వచ్చే తడబాటుకి కార్బురేటర్ బండ్లలో నేను మొదట చూసేది ఇదే.

ఇంజెక్షన్ బండికి ప్రెషర్ గేజ్ కావాలి. ఐడిల్‌లో ఎంత చూపించిందన్నది సగం కథే, లోడ్ మీద పడిపోతోందా అన్నది అసలు విషయం. బండి వారాల తరబడి నిలిచి ఉంటే ట్యాంకులో పెట్రోల్ పాతబడి ఉంటుంది, అడుగున చేరిన మురికి ఫిల్టర్‌కి పట్టి ఉండొచ్చు. రెండూ మార్చేయండి.

6. పొగ గొట్టం

రీబిల్డ్‌కి ముందు మీ ఇంజిన్ బాగా ఆయిల్ తాగేదా? అయితే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. వాక్యూమ్ గేజ్ పెట్టి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. ముల్లు నెమ్మదిగా దిగుతూ పోతుంటే పొగకి దారి లేదు.

7. అప్పుడే లోపలికి

ఇవన్నీ చూసినా తడబాటు పోకపోతే టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు) చూడండి. కొత్తగా కోసిన సీట్లలో వాల్వులు సర్దుకున్నాక గ్యాప్ తగ్గుతుంది, మరీ తగ్గితే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. తర్వాత ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, పెట్రోల్ సరఫరా రెండూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ కొలవండి. అన్ని సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి మిగతావాటికంటే 15 శాతానికి మించి తక్కువగా ఉంటే, ఆ సిలిండర్‌లో పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉండగా గాలి ఎక్కించి చెవి పెట్టండి. సైలెన్సర్‌లో బుసమంటే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర ఎక్కువగా వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ ప్యాకింగ్. ఆ గాలి ఎటు పోతోందో తెలిశాకే ఇంజిన్ విప్పే మాట ఎత్తండి.