పాత శిల్పాన్ని పిక్సెల్ దిమ్మెలుగా విరిచి ప్లాస్టర్‌లో పోత పోయడం

ఈ పనిలో గ్రీకు, రోమన్ తల శిల్పం ఒకవైపు నున్నగా ఉండి, చెవి దాటగానే పిక్సెల్ దిమ్మెలుగా చెదిరిపోతుంది. ఈ రకం పనికి ప్రాణం మనం ముట్టుకోకుండా వదిలిన భాగమే. ఒక కన్ను, ముక్కు దూలం, పెదవుల ఒక మూల చెక్కుచెదరకుండా ఉంటేనే మిగతా విధ్వంసం కంటికి ఆనుతుంది. ఇటలీకి చెందిన కళాకారుడు క్వాయోలా, లావోకోవన్ అనే పురాతన శిల్పపు రూపాన్ని రోబో చేత కొత్తగా చెక్కించి, మధ్యలో ఆపేసినట్టు వదులుతాడు. అక్కడా చూపును పట్టి నిలిపేది మొరటు రాయి పక్కనున్న నునుపే.

శిల్పపు 3డి స్కాన్ ఫైలు తీసుకునేటప్పుడు లైసెన్స్ చదవండి. మూల శిల్పానికి కాపీరైట్ లేకపోయినా స్కాన్‌కు షరతులు ఉండొచ్చు. ఇక్కడి కొలతలన్నీ 30 సెం.మీ. ఎత్తున్న తలకు చెప్పినవి.

బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో మోడల్‌కు ఒక నకలు తీసి, దానికి రీమెష్ మాడిఫయర్‌ను (ఆకారపు ఉపరితలాన్ని కొత్తగా అల్లే పనిముట్టు) బ్లాక్స్ మోడ్‌లో పెట్టండి. స్కేల్ 0.9, ఆక్ట్రీ డెప్త్ (దిమ్మె సైజును నిర్ణయించే అంకె) 5 ఇస్తే ఒక్కో దిమ్మె దాదాపు 10 మి.మీ. వస్తుంది. డెప్త్ 6 అయితే 5 మి.మీ.; దూరం నుంచి అది ప్రింటర్ లోపంలా కనిపిస్తుంది. డెప్త్ 4 అయితే 20 మి.మీ.; అప్పుడు గడ్డమేదో చెంపేదో తెలియదు.

అసలు మోడల్‌ను, నకలును ఏటవాలుగా కోసి, 2 మి.మీ. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునేలా బూలియన్ యూనియన్‌తో (రెండు ఆకారాలను ఒక్కటి చేసే ఆదేశం) కలపండి. కోత గీత నిటారుగా వదిలేస్తే రెండు బొమ్మలు అతికించినట్టే ఉంటుంది. గీత వెంబడి పదిహేను, ఇరవై దిమ్మెలను చేత్తో తీసి, కొన్నిటిని నున్నని చెంప మీదికి జరపండి. సమయమంతా ఇక్కడే పెట్టండి. అంచుకు అంచు మాత్రమే తగిలే దిమ్మెలు విరిగిపోతాయి, వాటికి కనీసం 3 మి.మీ. అతుకు ఇవ్వాలి. 15 మి.మీ. దాటి లోపలికి పోయే సందులను ఇప్పుడే పూడ్చేయండి, లేకపోతే అచ్చు ఊడిరాదు.

3డి ప్రింట్‌కు పీఎల్ఏ ప్లాస్టిక్ చాలు: పొర 0.2 మి.మీ., గోడలు మూడు, లోపలి నింపు 15 శాతం. 120, 220, 400 నంబర్ల గరుకు కాగితంతో తడిపి రుద్దండి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి పొడిగా గట్టిగా రుద్దితే వేడికి సాగి మసకబారుతుంది. దిమ్మెల అంచులకు మాత్రం కాగితం తగలనివ్వకండి. అవి గుండ్రమైతే పిక్సెల్ అన్న భావనే పోతుంది.

ఈ ప్రింట్ మీద అచ్చు తీయడానికి 20 షోర్ ఏ (రబ్బరు గట్టిదనపు కొలత) దగ్గరి మెత్తని సిలికాన్ తీసుకోండి. రెసిన్ ప్రింట్ మీద, గంధకం ఉన్న మట్టి మీద ప్లాటినం సిలికాన్ (ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం) గట్టిపడకుండా జిగటగానే మిగిలిపోతుంది. మొదటి పూత పలుచగా, బ్రష్‌తో ప్రతి దిమ్మె లోపలి మూలలోకీ పొడుస్తూ వేయాలి. అక్కడ చిక్కిన ఆవగింజంత గాలిబుడగ పోతలో దిమ్మె మీద బొడిపెగా లేస్తుంది. తర్వాతి పూతలతో మందం 8-10 మి.మీ.కు తెచ్చి, సిలికాన్‌కు బయటివైపు రెండు ముక్కల ప్లాస్టర్ కవచం కట్టండి.

మామూలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ 100 పాళ్లకు బరువులో నీళ్లు 65-70. ప్లాస్టర్‌నే నీళ్లలో చల్లాలి, ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి మెల్లగా కలపాలి. పొడి చల్లేటప్పుడు మాస్క్ తప్పనిసరి. కొంచెం పోసి అచ్చును అన్నివైపులా తిప్పుతూ, పొర మీద పొరగా 15-20 మి.మీ. గోడ కట్టండి. ప్లాస్టర్ వేడెక్కి మళ్లీ చల్లారాకే తీయాలి, అంతకుముందు లాగితే దిమ్మెల మూలలు అచ్చులోనే ఉండిపోతాయి. 45 డిగ్రీలు దాటిన వేడిలో ఆరబెట్టకండి, పొడిపొడిగా రాలుతుంది. విరిగిన మూలకు కొత్త ప్లాస్టర్ పెట్టేముందు ఆ చోటును బాగా తడపండి. పొడి ప్లాస్టర్ అతుకులోని నీటిని పీల్చేస్తే అతుకు ఎండి ఊడిపోతుంది.