అయోడిన్ మాత్ర మింగి ఇంటికొచ్చాక

హైపర్ థైరాయిడ్‌కి, అంటే మెడలోని థైరాయిడ్ గ్రంథి హార్మోను అతిగా చేసే జబ్బుకి, రేడియో అయోడిన్ మాత్ర మింగిన రోజు ఒంట్లో పెద్దగా ఏమీ తెలియదు. జుట్టు ఊడదు. మామూలుగా ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు, అదే రోజు పంపేస్తారు. థైరాయిడ్ కేన్సర్‌కి ఇచ్చే డోసు దీనికంటే చాలా ఎక్కువ. వాళ్ల అనుభవాలు విని మీరు టెన్షన్ పడకండి.

మా పర్లాకిమిడి వైపు వాళ్లకి మొదటి చిక్కు ప్రయాణం. వైద్యం విశాఖలో, ఇల్లు ఇక్కడ. గుణుపురం ప్యాసింజర్‌లో పిల్లల తల్లుల పక్కన ఇరుక్కుని రావడం మంచిది కాదు, మాత్ర మింగాక కొన్నాళ్లు మన ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది. స్తోమత ఉంటే కారు మాట్లాడుకుని, వెనక సీట్లో డ్రైవరుకి ఎదురుమూలన కూర్చోండి. లేదంటే మాత్ర వేసుకోకముందే అడగండి: నా డోసుకి బస్సులో ఎన్ని గంటలు కూర్చోవచ్చు? ఇంట్లో ఎన్ని రోజులు దూరంగా ఉండాలి? ఆ జవాబులు తెలుగులో రాయించుకోండి.

ఇంట్లో అసలు జాగ్రత్త చిన్నపిల్లల దగ్గర, కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర. పెద్దవాళ్లకి కొద్ది రోజులు మీటరు దూరం చాలు, పసివాళ్లకి ఇంకా ఎక్కువ రోజులు చెబుతారు. మా తోడికోడలి కొడుకుకి రెండేళ్లు, నన్ను చూస్తే చంకెక్కందే ఊరుకోడు. అంత చిన్నవాడికి దూరం అంటే ఏం అర్థమవుతుంది? నేను విశాఖ బయల్దేరకముందే తోడికోడలు వాణ్ని తీసుకుని పాతపట్నంలో పుట్టింటికి వెళ్లింది. నాది టైలరింగ్. మిషన్ కుట్టుకోవచ్చు గానీ, ఆ రోజుల్లో ఎవరికీ కొలతలు తీయలేదు.

అయోడిన్ 131 శక్తి 8 రోజులకోసారి సగమవుతుంది. ఒంట్లోంచి ఎక్కువగా మూత్రంలోనే పోతుంది, కొంత ఉమ్ములో, చెమటలో. అందుకే నీళ్లు బాగా తాగాలి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు పోయాలి, మగవాళ్లు కూడా కూర్చునే మూత్రం పోయాలి. మంచం, కంచం, తువ్వాలు వేరు. బట్టలు విడిగా ఉతుక్కోవాలి. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) ఇది అంటుకుంటుందా అని అడిగింది. జబ్బు అంటుకోదు, దూరం ఉండేది రేడియేషన్ కోసమేనని చెబితే ఆవిడే గుమ్మం దగ్గర కూర చేసి పెట్టి వెళ్లేది.

మొదటి రోజుల్లో మెడ నొప్పిగా ఉండొచ్చు. గ్రంథిలో నిల్వ ఉన్న హార్మోను బయటికొచ్చి గుండె దడ, వణుకు కొన్నాళ్లు ఎక్కువ కావచ్చు. దడకిచ్చిన మాత్ర మీ అంతట మీరు మానకండి. ఊపిరాడకపోయినా, గుండె మరీ వేగంగా కొట్టుకున్నా, జ్వరంతో మాట తడబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కళ్లు ఉబ్బి నొప్పి పుట్టినా, ఒకటి రెండుగా కనిపించినా చెప్పాలి. గ్రేవ్స్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ని రెచ్చగొట్టే రకం) ఉన్నవాళ్లలో ఈ వైద్యం తర్వాత కళ్లు పాడయ్యే అవకాశం ఉంది, పొగతాగేవాళ్లకి మరీను.

ఈ వారాలకి అందరూ భయపడతారు. నా భయమంతా తర్వాతి నెలల గురించే, ఎందుకంటే దడ తగ్గగానే చాలామంది రక్తపరీక్ష మానేస్తారు. మందు పూర్తిగా పనిచేయడానికి 6 వారాల నుంచి 6 నెలలు పడుతుంది. ఈలోగా గ్రంథి మెల్లగా చతికిలపడి, హైపో వైపు, అంటే హార్మోను తక్కువయ్యే వైపు వెళ్తుంది. ఎక్కువమందికి జరిగేది ఇదే, వైద్యం చెడిందని కాదు. చలి, మలబద్ధకం, మొహం ఉబ్బు, ఎంత పడుకున్నా తీరని నిద్ర వస్తే వయసు అనో పని అనో సరిపెట్టుకోకండి. మొదటి పరీక్ష 4 నుంచి 6 వారాలకి, తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లా. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే మెదడు హార్మోను) ఒక్కటే చేయించి వదిలేయొద్దు. అది నెలల తరబడి తక్కువగానే ఉండిపోవచ్చు, ఫ్రీ టీ4 (రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోను) కూడా చూడాలి.

తక్కువైన హార్మోనుకి బదులిచ్చే థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా టీ ముట్టకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకి 4 గంటల ఎడం.

కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ఈ అయోడిన్ తీసుకోకూడదు. తీసుకున్నాక ఆడవాళ్లు కనీసం 6 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, మగవాళ్లకీ 4 నెలలు ఆగమంటారు. ఆ తర్వాత నెల తప్పితే తెలిసిన రోజే డాక్టరుకి చెప్పండి, థైరాక్సిన్ డోసు పెంచాల్సి రావచ్చు.