మిల్లు దుమ్ము ఆగట్లేదా? చిమ్నీ సంగతి తర్వాత, ముందు హాపర్ కింద చూడండి

మిర్యాలగూడ చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో దుమ్ము పనులన్నీ దాదాపు ఒకే తీరున మొదలవుతాయి. పక్క బజారులో మిద్దె మీద ఆరేసిన బట్టల మీద నల్లపొడి పడుతుంది. గొడవవుతుంది. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు వస్తుంది. షావుకారు అప్పటికప్పుడు పెద్ద మిషన్ కొంటాడు. తీరా బిగించాక పొగ అట్లనే ఉంటే, అప్పుడు దుమ్ము మిషన్లు సరిచేసే నాలాంటివాడికి ఫోన్ వస్తుంది.

సమస్య: మల్టీ సైక్లోన్ పెట్టినం, అయినా చిమ్నీ నుంచి బూడిద వస్తున్నది

క్వింటా వడ్లకు 20 కిలోల పైచిలుకు ఊక వస్తుంది. ఆ ఊక బాయిలర్లో కాలితే అయిదో వంతు దాకా బూడిదే. తేలిక సరుకు, ఊదితే లేస్తుంది. మల్టీ సైక్లోన్ అంటే పొగను సుడి తిప్పి ఆ బూడిదను కిందికి రాల్చే గొట్టాల గుంపు.

పొగను చిమ్నీ వైపు గుంజే ఐడీ ఫ్యాన్ సైక్లోన్ తర్వాత ఉంటుంది కాబట్టి సైక్లోన్ లోపల ఎప్పుడూ గాలి గుంజుతూనే ఉంటుంది. అడుగున బూడిద దిగే తొట్టి (హాపర్) దగ్గర వేలెడు సందున్నా చాలు, బయటి గాలి అందులోంచి దూరి, సుడి తిరిగి కిందికి జారిన బూడిదను మళ్లీ పైకి లేపి చిమ్నీకి ఎక్కిస్తుంది. ఒక మిల్లులో రెండు రోజులు డ్రాయింగులు ముందేసుకుని కూర్చున్నాం. మూడో రోజు పొద్దున చూస్తే, బూడిద తొందరగా దిగాలని హాపర్ తలుపుకు ఇటుక అడ్డం పెట్టి ఉంది. ఇటుక తీసి తలుపు బిగించాం. మధ్యాహ్నానికి చిమ్నీ రంగు మారింది.

అగరుబత్తి వెలిగించి ఫ్లాంజీలు (గొట్టాల అతుకులు), తలుపులు, రోటరీ వాల్వ్ (గాలి దూరకుండా బూడిదను దించే తిరిగే రెక్కల వాల్వ్) చుట్టూ తిప్పండి. పొగను ఎక్కడ లోపలికి గుంజితే అక్కడ లీకు. గ్యాస్కెట్ మార్చండి. వాల్వ్ రెక్కలు అరిగిపోతే రిపేరు చేయించండి. వాల్వ్ తిరుగుతుండగా కడ్డీతో పొడవడం, చేయి పెట్టడం మాత్రం వద్దు, వేళ్లు పోతాయి.

లీకు దొరక్కపోతే సైక్లోన్ కోన్లు (కింది గరాటు భాగాలు) చూడండి. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, రేకును గరుకు కాయితంలా అరగదీస్తుంది. చిల్లులు పడిన కోన్ మీద ప్యాచ్ వేస్తే లోపల గడ్డలు తేలి గాలి తిరుగుడు చెడుతుంది, కోన్ మార్చడమే మేలు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పలచటి బూడిదరంగు పొగ పోతుంటే అది సన్న పొడి. సైక్లోన్‌కు చిక్కదు, బ్యాగ్ ఫిల్టర్ (పొగను బట్ట సంచుల్లోంచి వడకట్టే మిషన్) కావాల్సిందే.

సమస్య: బ్యాగ్ ఫిల్టర్ పెట్టిన కొన్నాళ్లకే గాలి పోవట్లేదు

మామూలుగా ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా చూపే గేజీ 100 నుంచి 150 మిల్లీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండాలి. 200 దాటి దిగకపోతే బ్యాగులు మూసుకుపోయినట్టే. ఉన్నట్టుండి మరీ కిందికి పడితే సంతోషపడకండి, బ్యాగు చినిగి ఉంటుంది.

మూసుకుపోవడానికి ఎక్కువగా తడే కారణం. పొద్దున చల్లటి బాయిలర్ వెలిగించి, పచ్చి ఊక పొగను నేరుగా ఫిల్టర్‌లోకి వదిలితే ఆవిరి బ్యాగుల మీదే నీరవుతుంది, బూడిద బురదలా అంటుకుంటుంది. వేడెక్కే దాకా పొగను ఫిల్టర్ పక్క నుంచి పోయే బైపాస్‌లో పంపండి, అదీ ఆ కాసేపే. పొగ పోయే డక్టుకు ఇన్సులేషన్ చేయించండి. బ్యాగులను దులిపే గాలి కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు షిఫ్టు షిఫ్టుకూ వదలండి.

బ్యాగులకు చిల్లులు పడుతుంటే నిప్పురవ్వలు చేరుతున్నట్టు. పాత సైక్లోన్ తీసేయకండి, ఫిల్టర్ ముందు అదే రవ్వలను ఆపుతుంది. బట్ట కూడా చూసి కొనాలి. పొగ 130 డిగ్రీలు దాటే చోట మామూలు పాలిస్టర్ నిలవదు.

సమస్య: వడ్లు దించే గుంత దగ్గర హమాలీలకు ఊపిరాడట్లేదు

దుమ్మును గుంజే గొట్టం మూతి (హుడ్) దూరంగా ఉంది. గొట్టం మూతి నుంచి దాని వ్యాసమంత దూరం పోయేసరికి గుంజుడు పదో వంతుకు పడిపోతుంది. హుడ్‌ను దగ్గరికి దించి, మూడు వైపులా రబ్బరు పరదాలు కట్టండి. ఆ ఫ్యాన్‌కే ఇంకో రెండు గొట్టాలు తగిలించే ఆలోచన మానండి. గాలి సెకనుకు 18 మీటర్లకు తగ్గితే దుమ్ము గొట్టంలోనే పేరుకుంటుంది.

సమస్య: కొత్త మిషన్ మొదటి రోజు నుంచే చాలట్లేదు

ఇది ఫిట్టర్ తప్పు కాదు, కొనుగోలు తప్పు. బాయిలర్ కెపాసిటీ చూసి అందాజగా కొటేషన్ ఇచ్చి ఉంటారు. ఆర్డరుకు ముందే, సీజన్లో బాయిలర్ ఫుల్ లోడు మీద ఉన్నప్పుడు గాలి పరిమాణం, వేడి కొలిపించండి. చిమ్నీ నుంచి ఎంత దుమ్ముకు మించకూడదో ఆర్డర్లో అంకెతో రాయించండి. బయటి ల్యాబు కొలిచి సరే అనేదాకా ఆఖరి బిల్లు ఆపండి. కొలిచే రంధ్రం చిమ్నీ వంపు నుంచి ఎనిమిది వ్యాసాల పైన ఉండాలి, అక్కడికి నిచ్చెన, ప్లాట్‌ఫాం కావాలి. ఇవి మరిచిపోయి తర్వాత వెల్డింగ్‌కు పరుగెత్తినవాళ్లను చాలామందిని చూశాను. బిగింపు పని వానాకాలం వడ్లు దిగకముందే, సెప్టెంబర్‌కల్లా ముగించుకోండి.

సమస్య: చిమ్నీ శుభ్రమే, ఊళ్లో మాత్రం దుమ్ము తగ్గలేదు

పట్టుకున్న బూడిదనే ట్రాక్టర్లో పొడిగా పోసి రోడ్డంతా చల్లుకుంటూ పోతున్నారు. బూడిదను బయటికి తోసే స్క్రూ కన్వేయర్ చివర నీటి స్ప్రే పెట్టి తడిపి నింపండి. పట్టా కప్పమని డ్రైవర్లకు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. పట్టా, తాళ్లు లేని ట్రాక్టర్‌కు గేటు తీయొద్దని వాచ్‌మన్‌కు చెప్పండి.